కరిచే మిషను

అరవైల చివర్లో సాలూరు మొత్తానికి బట్టలారబెట్టే కరెంటు మిషను ఉన్న ఇల్లు మా బావదే. ఆయనకు రెండు లారీలుండేవి, లారీలకు మించిన గొప్పలుండేవి. విశాఖ హార్బరులో పనిచేసి సొంత దేశం వెళ్ళిపోతున్న ఒక తెల్ల ఇంజనీరు ఇంట్లో సామానంతా అమ్ముకుంటుంటే, ఈ మిషను కొని తన లారీ మీదే వేసుకొచ్చాడు. పెరటి వసారాలో, చేతి పంపు పక్కన పెట్టించాడు. ముసురు రోజుల్లో ఊళ్ళో బట్టలు ముక్కిపోయి కంపు కొడుతుంటే, మా ఇంట్లో గంటలో ఫెళఫెళలాడతాయని కనబడినవాడికల్లా చెప్పేవాడు. ఆ మిషను దగ్గర నిలబడే పని మాత్రం ఆయనది కాదు, మా అక్కది.

నేనప్పుడు విజయనగరంలో వైర్‌మన్‌ని. పెళ్ళి కాలేదు గానీ, కోపం మాత్రం నలుగురు పిల్లల తండ్రికి సరిపడా ఉండేది. ఒక వానాకాలం ఉదయం బావ లారీ నా గది ముందు ఆగింది. డ్రైవరు దిగకుండానే, "మిసను ఆగిపోనాది. సామాను అట్టుకుని రమ్మన్నారు" అన్నాడు. సంచీ భుజాన వేసుకుని ఎక్కాను.

వెళ్ళేసరికి అక్క పంపు కొడుతూ ఉంది. నన్ను చూడగానే కొంగు మొహానికి అడ్డం లాక్కుంది. ఆలస్యమైంది, నేను చూడాల్సింది చూశాను. కింది పెదవి చిట్లింది, కన్ను కింద నల్లగా కమిలింది.

"మీ అక్క సేసిన పనే," అన్నాడు బావ, నేను అడగకముందే. "మిసను లోపల సెయ్యెట్టి ఏటో పీకతా దొరికిపోనాది. నాలుగు తగిలించినాను. నువ్వు సూసి బాగు సెయ్యి."

కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ముందు మిషను సంగతి తేల్చి, తరవాత నీ సంగతి తేలుస్తాననుకుని సంచీ విప్పాను. బావ చుట్ట ముట్టించుకుంటూ వీధిలోకి వెళ్ళాడు.

మాలాంటివాళ్ళకు అప్పట్లో మీటర్లెక్కడివి. హోల్డరుకు రెండు వైర్లు కట్టి బల్బు బిగిస్తే అదే మీటరు. ఆ కొనలు పట్టుకుని కరెంటు ఎంతవరకు వస్తోందో, ఎక్కడ ఆగిపోతోందో వెతుక్కుంటూ పోవడమే. గోడ ప్లగ్గులో పెట్టాను, వెలిగింది. మిషనులోకి వచ్చేచోట వెలిగింది. టైము తిప్పే మీట దాటినా వెలిగింది. ఇక మిగిలింది తలుపు స్విచ్చి. తలుపు గట్టిగా మూసుకుంటే తప్ప లోపలి పీపా తిరక్కుండా ఆపేది అదే. స్విచ్చికి ఇవతల బల్బు వెలిగింది, అవతల వెలగలేదు. దాని మూత ఎప్పుడో ఊడిపోయింది. ఒక తీగ బయటికి వేలాడుతోంది. కాలలేదు, తెగలేదు. ఎవరో వేళ్ళతో పట్టుకుని లాగేశారు.

అక్క వైపు చూశాను.

"నానే పీకినాను," అంది.

"ఎందుకక్కా?"

"కరుస్తన్నాది తమ్ముడా. ముట్టుకుంటే బుజం దాకా లాగేస్తన్నాది. మీ బావకి సెప్తే, పని తప్పించుకోడానికి దొంగేసాలంటాడు. ఆయన ముట్టుకుంటే ఏటీ అవదు. నాకే." అరచెయ్యి చాపింది. బొటనవేలి మొదట్లో చర్మం ఉడికి, ఊడి, ఎర్రగా ఉంది. "ఒక్కోరోజు ఏటీ నేదు. ఒక్కోరోజు సంపేస్తాది. అందుకే ఆ తీగ పీకేసినాను, పీడా పోతాదని. తిరగడం మానేసినాది గానీ, కరవడం మాననేదు."

తలుపు స్విచ్చి ఊడితే మోటారు లేదు, వేడీ లేదు. అయినా కరుస్తోందంటే, కరుస్తున్నది మోటారు కాదు, ఇనప పెట్టె. బల్బు కొన ఒకటి మిషను ఒంటికి, రెండోది పంపు గొట్టానికి తాకించాను. మినుకు మినుకుమనడం కాదు, గదిలో వేసిన బల్బులా నిండుగా వెలిగింది. ప్లగ్గు పీకి, రెండు కాళ్ళనూ అటుదిటు చేసి గుచ్చాను. ఆరిపోయింది. మళ్ళీ ముందులా గుచ్చాను. వెలిగింది. ఒక్కోరోజు ఎందుకు కరవదో తెలిసిపోయింది. ప్లగ్గు ఏ వైపుగా గుచ్చారో దాన్నిబట్టి ఆ పూట అక్క బతకాలో లేదో తేలుతోంది.

వెనక రేకు విప్పాను. తెల్లవాడి దేశం ప్లగ్గుకు మూడు కాళ్ళు. మా గోడకు రెండే కన్నాలు. అందుకని దాన్ని కోసేసి, భూమికి పోవాల్సిన మూడో తీగను మొదలంటా కత్తిరించారు. మిగిలిన రెండింట్లో ఒకదాన్ని పెట్టెకే బోల్టు వేసి బిగించారు. ఆ పని ఎవరిదో చూడగానే అర్థమైంది. లారీలో దీపానికి ఒక్క తీగే వెళుతుంది, తిరిగొచ్చే దారి లారీ ఒళ్ళే. బ్యాటరీ కరెంటు కాబట్టి ఎవర్నీ ఏమీ అనదు. బావ లారీలకు వైరింగు చేసే మేస్త్రీ ఇంటి కరెంటుకూ అదే పద్ధతి పెట్టాడు.

బావ వచ్చాక అంతా చెప్పాను. ప్లగ్గు కరిచే వైపుగా గుచ్చి, బల్బు వెలిగించి చూపించాను.

"మా మేస్త్రీ లారీలు కట్టినప్పుడు నువ్వు పుట్టనేదురా," అని మిషను నెత్తిన అరచేత్తో దబదబా బాదాడు. "ఏదీ? ఏటి కరిసినాది?"

ఆయన కాళ్ళకు టైరు చెప్పులున్నాయి. అరిగిన లారీ టైరు కోసి కుట్టించుకున్నవి, అంగుళం మందాన రబ్బరు. నిద్రపోయేటప్పుడు తప్ప విప్పడు. అక్క ఎప్పుడూ ఒట్టి కాళ్ళతోనే, పంపు నీళ్ళతో ఎప్పుడూ ఆరని ఆ వసారా రాతి నేల మీద ఉంటుంది.

"చెప్పులిప్పి ముట్టుకో బావా."

"మీ అక్క తానంటే తందాన అంతన్నావేట్రా బామ్మర్దీ," అని నవ్వి, అక్క మణికట్టు పట్టుకున్నాడు. "రాయే. మీ తమ్ముడి ముందే ముట్టుకో. దొంగేసాలో నిజమో సూద్దాం."

అక్క కింద కూలబడింది. ఆయన ఈడుస్తున్నాడు. ఆమె మడమలు రాతి మీద జారుతున్నాయి. చీర తడిసి ముద్దయింది. అక్క అరవలేదు. అరిచి అరిచి ప్రయోజనం లేదని ఎప్పుడో తేల్చుకున్న మనిషి. రెండో చేత్తో ఆయన ఆమె చెంప మీద కొట్టాడు. ఆమె వేళ్ళకూ మిషనుకూ జానెడు దూరం ఉంది.

ఆ తరవాత నేను మనిషిని కాను. మెడ పట్టుకుని వెనక్కి లాగాను. ఆయన నాకు ఒకటిన్నర రెట్లు ఉంటాడు. మోచేత్తో నా ముక్కు పగలగొట్టాడు. నోట్లోకి రక్తం వచ్చింది. కడుపులో తలతో పొడిచాను. ఇద్దరం తడి రాతి మీద పడ్డాం, దొర్లాం, బకెట్టు దొర్లింది. ఒక చెప్పు ఎటో ఎగిరిపోయింది. జుట్టు పట్టుకుని తలను నేలకేసి కొట్టాను. ఆయన నన్ను తన్నేసి, లేవడానికి ఊతం కోసం చెయ్యి చాపాడు. చేతికందింది మిషను.

ఆయన నోటి నుంచి వచ్చిన చప్పుడు మనిషిది కాదు. చెయ్యి అతుక్కుపోయింది. ఒళ్ళంతా కొయ్యబారి, పళ్ళు కటకటలాడుతున్నాయి. వదలాలన్నా వదల్లేడు. ప్లగ్గు నాకు రెండడుగుల్లో ఉంది. నేను పీకలేదు. ఈ మాట ఇప్పుడు రాస్తున్నందుకూ నాకేమీ అనిపించడం లేదు. పీకింది అక్క. కింద కూచున్నదల్లా పాకుతూ వెళ్ళి, వైరు పట్టుకుని గోడ నుంచి లాగేసింది.

బావ కాసేపు పడే ఉన్నాడు. లేచాక వీధిలోకి వెళ్ళి, లారీలోంచి జాకీ రాడ్డు తెచ్చాడు. మిషనును కొట్టడం మొదలెట్టాడు. తలుపు అద్దం పగిలి వసారా అంతా చిందింది. రేకులు సొట్టలు పడ్డాయి, పీపా వంగిపోయింది, మీట ఎగిరి పంపుకు తగిలింది. నెలల తరబడి అక్కను కరిచినప్పుడు అది దొంగవేషం. ఒక్కసారి ఆయన్ని కరిచేసరికి దానికి ఆయుష్షు తీరింది.

రాడ్డు కింద పడేసి, రొప్పుతూ అక్క వైపు తిరిగాడు.

"ఇంతలా కరుస్తాదని ముందే సెప్పొద్దేటే?"

ఎగతాళి కాదు. నిజంగానే అడిగాడు. ఆయన మొహం చూస్తే తెలిసింది. అక్క లేచి కొంగు పిండుకుంది. తరవాత నాతో, "మొకం కడుక్కో తమ్ముడా, పోదాం" అంది. లోపలికెళ్ళి పొడి చీర కూడా కట్టుకోలేదు. ఆ తడి చీరతోనే బస్సెక్కింది.

పంట నూర్పుల రోజుల్లో బావ ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని భోగాపురం దగ్గర మా ఊరు వచ్చాడు. మంచం మీద కూచున్న పెద్దాయన అక్కను పిలిచి, మిషను పోయిందిగా, ఇంకా కష్టమేటని అడిగాడు. మొగుడన్నాక ఒక దెబ్బ వేస్తాడు, సర్దుకోవాలన్నాడు. నాకు మళ్ళీ చేతులు పిడికిళ్ళయ్యాయి. అక్క నన్ను కళ్ళతోనే కూచోబెట్టింది.

"కొట్టినాడంటే మీరు సర్దుకోమంటారు. అందుకే ఆ మాట సెప్పను బాబూ," అంది. "కరుస్తన్నాది, సచ్చిపోతానని రోజూ సెప్పినాను. నవ్వినాడు. రేపు ఇంకోటేదో వస్తాది. అది తన ఒంటికి తగిలేదాకా ఈయన నమ్మడు. అప్పటిదాకా నాను బతికుండొద్దా?"

పెద్దాయన మంచం మీంచి లేచి, బావను లేవమని సైగ చేశాడు.