పర్లేదు అన్నవాళ్ల జాబితా

ఆపరేషన్ అయిన రెండో ఏడు నాకు పలాసలో పని దొరికింది. నాకు వైద్యం చేసిన విశాఖపట్నం ఆసుపత్రి వాళ్లే ఇచ్చారు. క్యాన్సర్ రోగులు వైద్యం గురించి ఫోన్లో చెప్పిన అభిప్రాయాలు విని కంప్యూటర్లో టైపు చెయ్యాలి. ఆ మాటల్ని సాఫ్ట్‌వేర్ చదివి, ఏది మెచ్చుకోలో ఏది ఫిర్యాదో విడగొడుతుంది. టెక్స్ట్ మైనింగ్ అంటారట. మా ఉద్దానం యాస దానికి అంతుబట్టడం లేదని, ఇక్కడి మనిషి కావాలని నన్ను తీసుకున్నారు. పెళ్లికి ముందు డీటీపీ సెంటర్లో నేర్చిన టైపింగ్ అలా అక్కరకొచ్చింది.

ఊళ్లో ఎవరికీ అసలు జబ్బు చెప్పలేదు. కిడ్నీ జబ్బులు ఎక్కువైన మా వైపు, ఒంట్లో బాగాలేదంటే అదే అనుకుంటారు. నేనూ కాదనలేదు. రోజూ కంచిలిలో రైలెక్కి వచ్చి, మందుల షాపు మీది గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేదాన్ని. వినిపించింది వినిపించినట్టే కొట్టాలి, సొంత మాట ఒక్కటీ కలపకూడదని గట్టిగా చెప్పారు.

మూడో వారంలో ఒక గొంతు విని నా చెయ్యి ఆగిపోయింది. అది నాదే. ఆ మధ్య చెకప్‌కి వెళ్లొచ్చిన మర్నాడు నాకూ అలాంటి ఫోన్ వచ్చింది. "పర్లేదండి, బాగానే సూసినారు" అంటున్నాను. ఎంత వినయమో ఆ గొంతులో! పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వరండాలో కూర్చోబెట్టిన సంగతి అందులో లేదు. రొమ్ము తీసేస్తామని డాక్టరు, నేను ఎదురుగా ఉండగానే, నాకు కాక మా ఆయనకి చెప్పిన సంగతీ లేదు. ఇప్పుడు కలుపుదామంటే కుదరదు. విన్నదే కొట్టాను. ఆ వరస ఆకుపచ్చగా మారింది. అంటే రోగి తృప్తిగా ఉన్నట్టు.

సాఫ్ట్‌వేర్ చూసే మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆవిడ నాకంటే చిన్నది.

"మేడమ్, మా వైపు పర్లేదంటే బాగుందని కాదు. సెప్పలేక కూడా అంటాం."

"మీకెలా తెలుసక్కా?"

"నేనూ అన్నాను మేడమ్."

మర్నాటికి పర్లేదు అన్నవాళ్లందరినీ వేరే జాబితాగా పంపింది. మళ్లీ ఫోన్ చేసి అడగమంది, వాళ్లు ఒప్పుకుంటేనే రాయమంది.

మొదటి నంబరు మూలపేట వైపు ఎండుచేపలు అమ్మే ఆవిడది. గర్భసంచి క్యాన్సర్. వారం వారం విశాఖ వెళ్లి కరెంటు పెట్టించుకుంటోంది, రేడియేషన్‌ని మేం అలాగే అంటాం.

"సెప్పినాను కదమ్మా, పర్లేదని" అంది.

"నేనూ ఆడే సేయించుకున్నానప్పా. నేనూ అలాగే సెప్పినాను" అన్నాను. మా వైపు అప్పా అంటే అక్కా అని.

 ఆ మాట విన్నాక, సముద్రం హోరులోంచి ఆపకుండా చెప్పింది. కరెంటు పెట్టే గదిలో మగవాళ్ల ముందు బట్ట తీయమన్నారట. కప్పుకోడానికి దుప్పటి అడిగితే, ఈ వయసులో నీకు సిగ్గేటని నవ్వారట. ఆ మాట ఇంట్లో కోడలికి కూడా చెప్పలేదట. నా వేళ్లు వాటంతటవే కొడుతున్నాయి.

"రాత్తన్నావేటి?" అంది, టకటక విని.

"నీ పేరుండదప్పా."

"పేరెందుకు? దుప్పటి అడిగింది నానొక్కర్తినే. సోమారం మళ్లీ ఆ గదిలోకే ఎల్లాల."

"పోనీ, కరెంట్లు అయిపోయాక రాయనా?"

"అయిపోతే మాత్రం పరీచ్చలకి ఎల్లొద్దా? బతికినన్నాళ్లూ ఆళ్లకాడికే కదమ్మా. రాయకు."

ధైర్యం చెబుదామని నోరు తెరిచాను. వచ్చే నెలే నా చెకప్, అదే డాక్టరు దగ్గర. ఏ ముఖం పెట్టుకుని చెప్పను? కొట్టిందంతా చెరిపేసి, చెరిపానని చెప్పాను.

"నీకు పున్నెముంటాది" అని ఫోన్ పెట్టేసింది.

ఖాళీగా వదిలేస్తే సాఫ్ట్‌వేర్ ఊరుకోలేదు, ఏదో ఒకటి ఎంచుకోమంది. 'అభిప్రాయం లేదు' అన్నదాని మీద నొక్కాను. రెండో నంబరుకి ఫోన్ చెయ్యడానికి చాలాసేపు పట్టింది.