ఇద్దరడిగిన ప్రశ్నలు

వీధిలో అందరూ ఆమెను ప్రశ్నలామె అనేవారు. సర్వే ఆఫీసులో పదకొండేళ్ళుగా ఇంటింటికీ తిరిగి జనం ఏమనుకుంటున్నారో రాసుకొచ్చే పని ఆమెది. మెడలో కార్డు, చంకలో అట్ట, దానికి క్లిప్పు పెట్టిన కాగితాలు. కుక్క మీదికొచ్చినా, ముసలాయన కసురుకున్నా గుమ్మం దిగేది కాదు. ఎవరికీ తెరుచుకోని తలుపు ఆమెకు తెరుచుకుంటుందని ఆఫీసులో చెప్పుకునేవారు.

ఆమెది నల్లజాతి. కట్టుకున్నవాడు తెల్లజాతి మనిషి, సిటీ బస్సు డ్రైవరు. ఆ పెళ్ళికి అతని తల్లి రానే లేదు. ఆవిడకి రెండు మోకాళ్ళకీ ఆపరేషనయి, కన్నకూతురు నావల్ల కాదని చేతులు దులిపేసుకున్నాక, పెట్టే బేడాతో వీళ్ళింటికే చేరింది. రోజూ పొద్దున్నే ఆవిణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, స్నానం చేయించి, ఒళ్ళు తుడిచి, బట్టలు తొడిగితే గాని కోడలు పనికి కదిలేది కాదు. స్నానం జరిగినంతసేపూ అత్తగారు కళ్ళు మూసుకునే ఉండేది. వేన్నీళ్ళు ఒంటికి హాయిగా ఉన్నాయి కాబోలనుకునేది కోడలు.

ఆ ఏడాది ఒక రాజనీతిశాస్త్రం ప్రొఫెసరు కొత్త సర్వే పట్టుకొచ్చాడు. అన్నీ తెల్లవాళ్ళ ఇళ్ళే. నల్లవాళ్ళు మీ పక్కింట్లో దిగితే ఇబ్బందా? మీ పిల్లలకు పాఠాలు చెప్పొచ్చా? ఎన్నికల్లో నిలబడొచ్చా? తమ హక్కుల కోసం మీ వీధిలో సభ పెట్టుకుంటే ఒప్పుకుంటారా?

ఏ గుమ్మంలో నిలబడ్డా తేనెలూరే జవాబులే. "ఇబ్బందేముందమ్మా, అందరం మనుషులమే" అని ఒకావిడ కుర్చీ వేసి మరీ చెప్పింది. సాయంత్రం ఇంటికొచ్చి ఈమె, "అత్తయ్యా, లోకం చాలా మారిపోయింది" అంది సంబరంగా.

"మారక ఏం చేస్తుందిలే" అంది అత్తగారు, కాళ్ళు పట్టమన్నట్టు ముందుకు చాపుతూ.

మూడు నెలల తర్వాత ప్రొఫెసరు అందరినీ కూర్చోబెట్టి బోర్డు మీద రెండు అంకెలు వేశాడు. అవే వీధుల్లో సగం ఇళ్ళకు ఈమెను, మిగతా సగానికి తెల్లజాతి అమ్మాయిని పంపారట. ఏ ఇంటికి ఎవరన్నది చీటీలు తీసి పంచారట. పక్కింట్లో దిగినా ఇబ్బంది లేదన్నవాళ్ళు ఈమె దగ్గర నూటికి ఎనభై ఎనిమిది మంది. ఆ అమ్మాయి దగ్గర నలభై ఒక్కరే.

"నేను ముప్ఫై తేడా వస్తే గొప్పనుకున్నాను!" ప్రొఫెసరు ముఖం వెలిగిపోతోంది.

ఆమె లేచి నిలబడింది. "నాకు ముందే ఎందుకు చెప్పలేదు సార్?"

"చెబితే మీ ముఖం మారిపోయేది. మీ ముఖం మారితే నా పరిశోధన చెడేది. అర్థం చేసుకోండి, ఇందులో అసలు పని చేసింది మీ ముఖమే."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు ఆ తెల్లమ్మాయి తెచ్చిన కట్ట ఈమె బల్ల మీద పెట్టారు. జనం సొంత మాటల్లో చెప్పినవాటికి ద్వేషం తీవ్రతను బట్టి ఒకటి నుంచి అయిదు దాకా అంకె వేయాలి. పేర్లుండవు. యాభయ్యో అరవయ్యో వేశాక ఒక కాగితం చేతికొచ్చింది. డెబ్భై మూడేళ్ళ స్త్రీ. మోకాళ్ళ ఆపరేషన్ వల్ల ఇంట్లోనే ఉంటుంది. కొడుకు బస్సు డ్రైవరు.

"మావాడు ఒకదాన్ని తెచ్చి నెత్తిన పెట్టాడు. చాకిరీకి వంక పెట్టలేను. స్నానం చేయించేటప్పుడు ఆ నల్లచేతులు మీద పడితే ఒళ్ళు జలదరిస్తుంది. గతి లేదు కదా, కళ్ళు మూసుకుంటాను."

రెండుసార్లు చదివింది. తను పనిలో ఉన్న పూట ఆ అమ్మాయి తమ ఇంటి తలుపూ తట్టిందన్నమాట. అయిదు వేసింది. కాగితం తీసుకుని తిన్నగా ప్రొఫెసరు గదికి వెళ్ళింది.

"సార్, ఈవిడ మా అత్తగారు."

ఆయన కాగితం లాక్కున్నాడు. "మీరు గుర్తుపట్టి ఉండకూడదు. బయటికి పొక్కదని ఆవిడకి మాటిచ్చాం. ఇంట్లో ఒక్క ముక్క అన్నారంటే మీ ఉద్యోగం ఉండదు." తర్వాత గొంతు తగ్గించి అడిగాడు: "అంకె వేసేశారా?"

"వేశాను సార్."

ఇంట్లో ఒక్క ముక్క కూడా అనలేదు ఆమె. మర్నాడు పొద్దున్న నీళ్ళు కాచింది, అత్తగారిని స్టూలు మీద కూర్చోబెట్టింది, సబ్బు చేతిలోకి తీసుకుని ఆగింది.

"కళ్ళు మూసుకున్నారా అత్తయ్యా?"

ముసలావిడ చటుక్కున కళ్ళు తెరిచింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. కోడలు మెల్లగా, ఎక్కడా వదలకుండా, మెడ నుంచి పాదాల దాకా రుద్దింది. వేళ్ళ సందుల్లో కూడా.

ఆ రోజు నుంచి రోజూ అదే మాట. అదే మెత్తటి గొంతు. ముసలావిడ "ఈ పూట స్నానం వద్దే, జలుబు చేసింది" అనేది. "అయ్యో, మురికి పడుతుందత్తయ్యా" అని ఈమె లేవదీసేది. తిండి తగ్గింది ఆవిడకి. పొద్దున్నే బకెట్టు చప్పుడైతే దుప్పటి పిడికిట్లో బిగించేది. అది చూసి కోడలికి ఏదో తీపి తగిలేది. ఆ తీపికి తనే భయపడేది. అయినా మానలేదు.

ఒక సెలవునాడు మొగుడు విన్నాడు. "ఏమిటా అడగడం?"

"అడగడమే కదా నా పని."

అతను తల్లి వంక చూశాడు. ఆవిడ గోడ వైపు తిరిగింది. అతనికి విషయం తెలిసిపోయింది. పెళ్ళికి ముందే తల్లి నోట విన్న మాటలే, కొత్తవి కావు. "ముసలిది, నువ్వే సర్దుకుపోవాలి" అని బస్సు తాళాలు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. సెలవునాడు అతనికి బస్సెక్కడిది?

ఏడు నెలలు గడిచాయి. ఒక పొద్దున ఆమె సబ్బు చేతిలోకి తీసుకుని నోరు తెరిచేలోపే అత్తగారు తలెత్తింది. కళ్ళల్లోకి సూటిగా చూసింది.

"అవునే, అన్నాను. ఆ పిల్లతో అన్నాను. ఇప్పటికీ నాకంతే. చచ్చేదాకా అంతే. నీళ్ళు చల్లారిపోతున్నాయి, పొయ్యవే."

కోడలు చెంబు ముంచింది. ఆవిడ భుజాల మీద పోసింది. ఆ తర్వాత ముసలావిడ బతికిన రెండేళ్ళూ కోడలు స్నానం చేయిస్తూనే ఉంది. ఆ మాట మాత్రం మళ్ళీ అడగలేదు.