ఎడమవైపు అమ్మ గొంతు

మొన్న కొత్త ఫోనులోకి పాత పాటలు ఎక్కించుకుంటూ ఉంటే, ఫార్మాట్ మార్చమంటారా అని అది అడిగింది. కేసెట్ల నుంచి సీడీలకూ, సీడీల నుంచి కంప్యూటర్లకూ పాటలు మోసుకొచ్చిన మన తరంవాళ్ళకు అది మామూలు మాటే. నాకు మాత్రం అమ్మ కేసెట్ గుర్తొచ్చింది.

బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఏ తెలుగువారింట పెళ్ళయినా మా అమ్మా, పెద్దమ్మా జంటగా పాడేవారు. నా పెళ్ళప్పుడు నాన్న రెండు మైకుల స్టీరియో టేప్ రికార్డరుకు ఎడమవైపు అమ్మనూ, కుడివైపు పెద్దమ్మనూ కూర్చోబెట్టి, తలుపులు మూయించి పాడించారు. అమ్మ పోయాక ఆమె గొంతు మిగిలింది ఆ ఒక్క కేసెట్‌లోనే. ఇళ్ళలోకి కంప్యూటర్లు వస్తున్న రోజుల్లో, టేపు సాగిపోతోందన్న భయంతో దాన్ని సీడీ చేయమని పెద్దమ్మ కొడుకు చేతిలో పెట్టాను. లోకో షెడ్‌లో డ్యూటీ చేసే ఆ అన్నయ్య నాకు సైకిలు నేర్పినవాడు, అమ్మ ఆఖరి రోజుల్లో నన్ను ఇంటికి పంపి తాను ఆస్పత్రిలో కూర్చున్నవాడు.

సీడీ వచ్చింది. అందులో పెద్దమ్మ గొంతు ఖంగుమంటోంది, అమ్మది గోడ అవతల నుంచి వస్తున్నట్టుంది. ఫార్మాట్ మారితే సౌండు తగ్గడం మామూలేననీ, కేసెట్ మెషీన్‌లో చిక్కుకుని తెగిపోయిందనీ అన్నయ్య చెబితే నమ్మాను. ఆదివారాలన్నీ కంప్యూటరు ముందే గడిపాను. ఎంపీత్రీగా మార్చి చూశాను, సౌండు పెంచే సాఫ్ట్‌వేర్లు వేశాను. పెంచినకొద్దీ పెద్దమ్మ గొంతు పగిలేదే తప్ప అమ్మ దగ్గరికి వచ్చేది కాదు. మార్చడంలో తగ్గితే ఇద్దరి గొంతూ తగ్గాలి కదా అన్న ఆలోచన ఆలస్యంగా వచ్చింది. హెడ్‌ఫోను పెట్టుకుని విన్నాను. అమ్మ గొంతు కుడి చెవిలోనే, పెద్దమ్మ మైకుకు దూరం నుంచి అందినంతే ఉంది. అమ్మ కూర్చున్న ఎడమవైపు చెవిలో ఏమీ లేదు. పాత టేపుకుండే బుస కూడా లేదు.

అప్పటికీ అనుమానించలేదు. వైరు ఊడిందేమో, తెగిన టేపు అతికించి మళ్ళీ ఎక్కిద్దామని అడగడానికే వెళ్ళాను. వైరు సంగతి అడగ్గానే అన్నయ్య చెప్పేశాడు.

"వైరు కాదు సెల్లీ, నానే తీసేసినాను. పిన్ని గొంతు లేస్తే మా అమ్మది ఏటి ఇనపడేది? ఒక్కసారన్నా మా అమ్మ పాట మా అమ్మకి ఇనిపించాలనుకున్నాను."

"అచ్ఛా, మీ ఇంట్లోకి ఎలాగైనా చేసుకో అన్నయ్యా. నా కేసెట్ నాకిచ్చేయాలి కదేటి?"

"ఇస్తే నీకు తెలిసిపోద్ది కదా. పారేసినాను."

అరవబోయి, లోపలి గదిలోంచి పెద్దమ్మ రావడం చూసి ఆగిపోయాను. అమ్మ గొంతు తీసేసింది తన కొడుకేనని ఆమెకు తెలియదు. నా పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టుకుంది.

"ఆ సీడీ నాకొద్దమ్మా, ఆడు ఏస్తే ఆపీమన్నాను. మా సెల్లి లేని పాట నాకెందుకు?"

అన్నయ్య లేచి బయటికి వెళ్ళిపోయాడు.

తర్వాత కూడా శుభకార్యాల్లో కలుసుకున్నాం, పిల్లల చదువులు అడిగాం, ఇద్దరం మర్యాదగానే ఉన్నాం. క్వార్టర్ల పెళ్ళిళ్ళలో ఇప్పుడు ఎవరూ పాడడం లేదు. ఫోటోకైనా పాటకైనా నాలుగు కాపీలు దాచుకుంటున్నాం కాబట్టి ఏదీ పోదు. కానీ ఉన్న ఒక్కదాన్నీ ఒకరి చేతిలో పెట్టి, జాగ్రత్త అని కూడా అనకుండా ఇంటికి వచ్చేసే ధైర్యం నాకు మళ్ళీ రాలేదు.