మా మామయ్య అసలు గొంతు

మా మామయ్య ఎవారిస్తో ముఖం తెలియనివాళ్లు రోమ్‌లో లేరు. కుర్రతనంలో నాటకాల కంపెనీతో ఊరూరా తిరిగాడు. తర్వాత అరవై సినిమాల్లో వెయిటరుగా, చర్చిలో గంట కొట్టేవాడిగా, ట్రాఫిక్ పోలీసుగా వేశాడు. చెంపదెబ్బలు తిన్నాడు, మెట్లమీంచి దొర్లాడు. ఒక్కదాంట్లోనూ ఆయన గొంతు లేదు. మా దగ్గర షూటింగులో ఎవరేం మాట్లాడినా తర్వాత డబ్బింగే. మామయ్యది సన్నగా ముక్కులోంచి వచ్చే గొంతు. ఆ బొజ్జకు అది నప్పదని మొదటి సినిమాలోనే తేల్చేశారట. అప్పటినుంచి బొంగురు గొంతు అర్మీనియో అనే ఆయనే మామయ్యకు మాట్లాడేవాడు.

నన్ను ఐదో తరగతిలో మాన్పించి, మామయ్యకు వండిపెట్టమని అమ్మ పంపింది. అప్పటికే ఆయనకు అర్మీనియో గొంతుతో మాట్లాడే జబ్బు ముదిరిపోయింది. మొదట్లో ఆయన తెస్తాచ్చో బజారుకు వెళ్తే, మాంసం కొట్టు క్విరీనో కత్తి పక్కన పెట్టి, "ఏమయ్యా, ఆ వెయిటరు వేషంలో సూపు డైలాగు ఒకసారి చెప్పు!" అనేవాడు. మామయ్య తన గొంతుతో చెబితే, "ఛ, అట్లా కాదయ్యా, సినిమాలోలాగ!" అని మొహం ముడుచుకునేవాడు. ఏం చేస్తాడు? అర్మీనియోలా మాట్లాడటం నేర్చుకున్నాడు. బజారులో మొదలై చర్చిలో, చివరికి పొద్దున్నే కాఫీ అడగడంలోనూ అదే బొంగురు. ఎవరో పరాయి మగాడు వంటింట్లో దూరినట్టు రోజూ ఉలిక్కిపడేదాన్ని. విసుగొచ్చి చచ్చేదాన్ని.

అలాంటి మనిషితో, అరవై ఒకటో ఏట, ఒక కుర్ర డైరెక్టరు "నాకు మీ గొంతే కావాలి" అన్నాడు. కూతుర్ని రైలెక్కించే తండ్రి వేషం. ఎవరూ కొట్టరు, ఈయన పడడు. మాట్లాడేది ఒక్క ముక్క: "దారిలో ఏమైనా తిను. ఖాళీ కడుపుతో పోకు."

వారమంతా ఇంట్లో అదే జపం.

"ఎలా ఉందే, నీవెస్?"

"బాగుంది మామయ్యా."

బాగాలేదు. అది అర్మీనియో గొంతే. చెప్పే ధైర్యం నాకెక్కడిది?

డబ్బింగు రోజు ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని వెంట వెళ్లాను. తెరమీద రైలు కదిలింది. మామయ్య మైకు ముందు నోరు తెరిచాడు. అర్మీనియో మాట్లాడాడు.

"ఎవారిస్తో గారూ, మీ సొంత గొంతు."

"ఇది నాదేనయ్యా!"

పదకొండు సార్లు అదే వరస. డైరెక్టరు కళ్లజోడు తీసి నుదురు రుద్దుకున్నాడు. "ఇంకొక్కసారి చూస్తాను. కుదరకపోతే అర్మీనియో గారినే పిలిపిస్తా. ఆయనైతే అసలు సరుకు."

మామయ్య చెవులు ఎర్రబడ్డాయి. ఆయన గొంతు ఎక్కడ దాక్కుందో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. పులుసులో ఉప్పు తగ్గినప్పుడల్లా వింటాను.

"మామయ్యా," అన్నాను. అందరూ నావైపు తిరిగారు. "చిక్కుడు గింజలు పొయ్యిమీదే ఉన్నాయి... గ్యాసు కట్టేయలేదు."

"ఓసి దరిద్రపుదానా! కొంప తగలబెడతావా! మీ అమ్మ నిన్ను పంపిందే నన్ను చంపడానికి!"

సన్నగా, ముక్కులోంచి, గది అదిరేలా.

"అదీ! ఆ గొంతుతోనే చెప్పండి, ఇప్పుడే!" అని డైరెక్టరు అరిచాడు.

మామయ్య రొప్పుతూ తెరవైపు తిరిగాడు. ఇంకా నామీద కోపంతోనే "దారిలో ఏమైనా తిను" అన్నాడు. "ఖాళీ కడుపుతో పోకు" అనేసరికి గొంతు జీరబోయింది.

గ్యాసు పొద్దున్నే కట్టేశాను. ఆ మాట చెప్పనివ్వకుండా ట్రాములో ఇల్లు చేరేదాకా తిట్టాడు.

సినిమా వచ్చిన మర్నాడు బజారుకు వెళ్లాం.

"చూశానయ్యా, ఏడిపించేశావు," అన్నాడు క్విరీనో. "కానీ పాపం, ఈసారి నీకు ఎవడి గొంతు పెట్టారు? పిల్లి తోక తొక్కినట్టుంది!"

మామయ్య నావైపు చూశాడు. నేను సంచిలోకి చూశాను.

"ఏం చేస్తాం, కుర్ర డైరెక్టరు," అన్నాడు, బొంగురుగా. అరకిలో పేగులు కట్టమన్నాడు.