రెండో సప్లయర్

మా ప్రయోగశాలలో క్షిపణి తయారవుతున్న రోజుల్లో నా ఉద్యోగం భయాలు రాసిపెట్టడం. ఏ పని ఆలస్యమవుతుందో, ఎక్కడ ఖర్చు పెరుగుతుందో ముందే ఊహించి రిజిస్టరులో ఎక్కించాలి. ఎరుపు వేస్తే ప్రమాదం, ఆకుపచ్చ వేస్తే పెద్దసారుకు ప్రశాంతత.

క్షిపణి తోకభాగానికి పల్చటి అల్యూమినియం రింగులు కావాలి. వంకర పోకుండా వాటిని లేత్ మిషన్ మీద తీయగలిగినవాడు మెట్టుగూడలో ఒక్కడే, మేమంతా భాయ్ అని పిలిచేవాళ్ళం. అతని కుడికంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషన్‌కు నెలరోజులు గడువు అడిగాడు. నేను ఉన్నదున్నట్టు రాసి ఎరుపు వేశాను.

సమీక్షలో పెద్దసారు మండిపడ్డారు. "దేశరక్షణ ఒక మనిషి కంటి మీద ఆధారపడుతుందా అమ్మా? నెల ఇవ్వడం కుదరదు. రెండో సప్లయర్‌ని చూడండి."

చూశాం. ఏ.ఎస్. రావు నగర్‌లో అద్దాల ఆఫీసు, ఏసీ, గుమ్మంలో పూలకుండీలు. సగం రింగులు వాళ్ళకిచ్చాం. భాయ్‌కూ తీరిక దొరుకుతుందనుకున్నాను. ఎరుపు పోయి ఆకుపచ్చ వచ్చింది, అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. నిజం చెప్పొద్దూ, పొంగిపోయాను.

రెండు నెలల తర్వాత తనిఖీకి వెళ్తే భాయ్ మిషన్ మీదకి ఇంకా వంగిపోయి ఉన్నాడు. పక్క బల్ల మీద ఆ అద్దాల ఆఫీసు డ్రాయింగులు.

"వాళ్ళకు మిషన్ యాడుంది మేడం? ఆ పని సుత నాకే ఇచ్చిన్రు," అన్నాడు.

"మరి ఆపరేషన్?"

"ఒక్క ఆర్డర్ ఉన్నప్పుడే నెల దొరకలే. ఇప్పుడు తేదీలు అడిగేటోళ్ళు ఇద్దరాయె. అయినంక చేయించుకుంటా. మీరు జెర ఇది రాయకుండ్రి, ఉన్న పని పోతది."

రాయలేదు. అతని మీద జాలితోనే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆకుపచ్చను మళ్ళీ ఎరుపు చేసి పెద్దసారు ముందు నిలబడే ధైర్యం నాకు లేకపోయింది.

రింగులన్నీ చెప్పిన తేదీకి వచ్చాయి. వేరేచోట తయారవుతున్న క్షిపణి మోటారు మాత్రం రాలేదు. రిజిస్టరులో దానికి మొదటినుంచీ ఆకుపచ్చే. రింగులు చెక్కపెట్టెల్లో ఏడాదిన్నర పడి ఉన్నాయి.

భాయ్ ఆసుపత్రికి వెళ్ళేసరికి శుక్లం మరీ ముదిరి కంటినరం దెబ్బతిందన్నారు. ఆ కంటికి చూపు తిరిగి రాలేదు. మిషన్ అమ్మేశాడని తెలిసి వెళ్ళాను. నన్ను చూడటానికి తల మొత్తం ఇటు తిప్పాడు. చాయ్ తెప్పించాడు.

"మన రింగులు టైముకు పనికొచ్చినయా మేడం?" అని అడిగాడు.

"వచ్చాయి భాయ్," అన్నాను.