పొడి పడని గోడ

మొన్న మంగళవారం పొద్దున సూర్యాపేట దవాఖానలో మా మలేరియా సారు చనిపోయారు. కాలేయం చెడిపోయిందని డాక్టరు చెప్పాడు. శవం ఇల్లు చేరకముందే గోదాము దగ్గర మా జట్టంతా ఒకటే మాట అన్నది, డీడీటీ పొడే ఆయన్ని తిన్నదని. ఆయన నేర్పిన అక్షరాలతోనే నేనూ అదే రాద్దామని కూర్చున్నాను. కానీ ఎవరు ఏది గట్టిగా చెప్పినా ఆయన అడిగే మాట ఒకటుండేది: "కొలిచినవా?" నేను కొలవలేదు. కాబట్టి ఆ మాట రాయను. నాకు తెలిసిందే రాస్తాను.

ఇంటింటికీ తిరిగి గోడలకు డీడీటీ కొట్టే కూలీలం మేము. ఏడాదికి కొన్ని నెలలే పని. పొడిని బకెట్లో నీళ్ళతో కలిపి పంపుతో కొడతాం. చేతులకు తొడుగు లేదు, మూతికి గుడ్డ లేదు, సబ్బు కూడా లేదు. అడిగితే పై అధికారులు నవ్వేవాళ్ళు. అది దోమలకు విషం గాని మనుషులకు కాదట. సారు మా పని చూసే సర్కారు ఉద్యోగి. ఆయన నవ్వలేదు. పాత సైకిలు మీద వచ్చి, మా వాడలో మా కుండల్లో నీళ్ళే తాగి, ఎవరికి తల తిరుగుతోంది, ఎవరికి చేతులు వణుకుతున్నాయి అని అడిగి రాసుకునేవారు. నాకు చదువు లేదని తెలిసి, నేర్పడానికి పొట్లాలు కట్టిన పేపరు ముక్కలు తెచ్చిచ్చేవారు. తప్పు చదివితే తిట్టేవారు కాదు, మళ్ళీ చదివించేవారు. నేను కోపిష్టివాణ్ణి. నన్ను భరించిన ఉద్యోగి ఆయనొక్కరే.

హైదరాబాదు నుంచి పెద్ద డాక్టర్లు వచ్చి, మనుషుల నెత్తుట్లో డీడీటీ ఎంతుందో కొలుస్తామన్నారు. ఆ పొడి ఒంట్లో చేరితే ఏండ్ల తరబడి పోదట. సూర్యాపేటలో పొడి కొట్టే మేము, మిర్యాలగూడలో వరిపొలాల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్ళు, కోదాడలో పొడి చేత్తో తాకని పంతుళ్ళు, గుమాస్తాలు. ఈ మూడు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూస్తారట. నెత్తురు తీసే పని సారుకు అప్పజెప్పారు. మా వరుస అంకె పైకి వస్తే సబ్బు, తొడుగులు అడగడానికి మా చేతిలో కాగితం ఉంటుంది. మాకు కావలసింది అదే.

కడిగిన ఖాళీ సీసాలు పెట్టెలో వచ్చాయి. తాళం ఉన్న గది మా గోదాము ఒక్కటే. అక్కడే భద్రంగా పెట్టాం. పొడి బస్తాలనే బల్లగా చేసుకుని, మూతలు తీసి చూసి, చీటీలు అంటించాం. ఎవరికీ తప్పు అనిపించలేదు. మూడు ఊళ్ళ నెత్తురూ తీసి, ఐసులో పెట్టి హైదరాబాదు బస్సెక్కించాం.

లెక్క వచ్చింది. అంకెలు చాలా పెద్దవి. మేము పండగ చేసుకున్నాం. సారు మాత్రం ఆ కాగితంలో మూడు వరుసల మీదా మళ్ళీ మళ్ళీ వేలు పెట్టి చూశారు. కోదాడ పంతుళ్ళకు కూడా మాతో సమానంగా వచ్చింది. ఆయన లేచి గోదాములోకి వెళ్ళి, సీసాలు వచ్చిన పెట్టె అంచు మీద వేలితో గీసి, పొడి అంటి తెల్లబడిన ఆ వేలిని నాకు చూపించారు.

నేను మండిపడ్డాను. "పెద్ద అంకె వచ్చింది గద సారూ, దాన్నెందుకు పాడుచేస్తరు?" అన్నాను.

"అది సీసా అంకె. నీ నెత్తురు అంకె గాదు," అన్నారు.

తప్పు తనదేనని రాసి, ఆ రోజే హైదరాబాదుకు ఉత్తరం వేశారు. ఆ ఉత్తరం మూలంగా ఆయనకు రావలసిన ప్రమోషన్ ఆగింది. నేను ఆయనతో చాలా రోజులు మాట్లాడలేదు.

మళ్ళీ నెత్తురు తీయడానికి కొత్త సీసాలు వస్తున్నాయని కబురొచ్చింది. ఎక్కడ పెట్టాలి? సారు ఇంటికి మేమే పొడి కొట్టాం. బడికి కొట్టాం. దవాఖానకు కొట్టాం. ఊళ్ళో గోడ గోడకూ మా పంపు తగిలింది. రిజిస్టర్లన్నీ తిరగేస్తే ఒక్క గది దొరికింది. వడ్ల వ్యాపారం చేసే ఒక షావుకారు ఇంట్లో దేవుని అర్ర. ఆయన తల్లి ఇన్నేండ్లలో ఒక్కసారి కూడా మమ్మల్ని ఆ అర్ర గడప దాటనివ్వలేదు. పొడి వాసన పడదని ఆమె చెప్పేది. అసలు కారణం మేము ఊరి బయటి వాడల వాళ్ళం కావడం. ఆమె మీద నేనే రెండుసార్లు ఫిర్యాదు రాయించాను.

దారిలో ఇదంతా సారుతో అన్నాను. "ఆమె ఎందుకు ఆపిందో నాకెరుకే. మనకిప్పుడు కావలసింది గోడ," అన్నారు.

ముసలామె వాకిట్లోనే నిలబెట్టింది. "ఇన్నేండ్లు రానియ్యలే. ఇప్పుడెందుకు రానియ్యాలె?"

"రానియ్యలేదు గాబట్టే వచ్చినమమ్మా. మా పొడి పడని గోడ ఊరు మొత్తం మీద మీ ఇంట్లనే ఉన్నది," అన్నారు సారు.

ఆమెకు నవ్వొచ్చింది. "నా మొండితనం మీకు అక్కరకొచ్చిందన్నట్టు. అండ్ల నెత్తురున్నదా?"

"లేదమ్మా, ఖాళీవి. నెత్తురు పట్టినంక గీడికి తేము."

"అట్లయితే గడప కాడ పెట్టిపోండ్రి. నీళ్ళు సల్లి నేనే లోపట పెట్టుకుంట."

"నీళ్ళు పడొద్దు. ఇంకొకరి చెయ్యి పడొద్దు. ఈ పిల్లగాడు తానం జేసి, ఉతికిన బట్టలేసుకొని వచ్చిండు. లోపట ఈనే పెడ్తడు."

నేను స్నానం చేసింది సీసాల కోసం. ఆమె కోసం కాదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. సారు నా వైపు చూడకుండానే నా మోచెయ్యి పట్టుకున్నారు.

"వద్దంటే?" అన్నది ఆమె.

"వద్దంటే నెత్తురు తీసుడు బందయితది. వీళ్ళ ఒంట్ల ఏం జేరిందో ఎవ్వరికీ తెల్వకుంటనే పోతది."

ఆమె నన్ను కింది నుంచి పై దాకా చూసింది. తర్వాత తలుపు నుంచి పక్కకు జరిగింది. పెట్టె మోసుకుని నేను లోపలికి వెళ్ళాను. ఆమె మనసు మారిందని నేను రాయను. మేము వెళ్ళాక గది మొత్తం కడిగించే ఉంటుంది. కానీ సీసాలు అక్కడున్నన్నాళ్ళూ వాటిని ఎవరూ తాకలేదు, మాట నిలబెట్టుకుంది. చివరి రోజున, పొడి తాకనివాళ్ళ వరుసలో తన నెత్తురు కూడా తీయమని వాకిట్లో పీట వేసుకుని చెయ్యి చాపింది.

అందరి దగ్గరికీ రెండోసారి వెళ్ళడమే కష్టమైంది. మిర్యాలగూడ మిల్లులో బియ్యం చెరిగే ఒక ఆడమనిషి, మొన్న తీసిన నెత్తురు పారబోసినవా సారూ అని నిలదీసింది. "పారబోసినట్టే. తప్పు నాది," అని సారు చెప్పారు. "సర్కారు మనిషి నోట తప్పు నాదన్న మాట ఇప్పుడే వింటున్న," అని ఆమె చేట పక్కన పెట్టి చెయ్యి చాపింది. ప్రతి గుమ్మం ముందూ ఆయన అదే మాట చెప్పారు. కోదాడ బడిలో పిల్లల ముందే పంతులుకు చెప్పారు. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. తిరుగు బస్సు ఎక్కేముందు, అప్పటిదాకా రెండోసారి నెత్తురు ఇవ్వని నేను, అడగకుండానే చొక్కా చెయ్యి మడిచి ఆయన ముందు పెట్టాను. ఆయన సూది నెమ్మదిగా దించారు.

ఆ రెండో లెక్క కోసం ఎదురుచూస్తూనే ఆయన మంచం పట్టారు. ఆయన పోయిన మూడో రోజు కవరు వచ్చింది, ఆయన పేరు మీదే. సారు భార్య దాన్ని నా చేతికిచ్చి, చదివి మీవాళ్ళకు చెప్పు నాయనా అన్నది. గోదాము ముందు జట్టంతా కూర్చున్నాం. కూడబలుక్కుంటూ చదివాను. మొదటిసారి వచ్చినంత పెద్ద అంకెలు లేవు. తాకనివాళ్ళ వరుసలో కూడా సున్నా ఎక్కడా లేదు. మిర్యాలగూడ వరుస దానికి పైన. అన్నిటికన్నా పైన మా వరుస.

"ఇది మనదేనా?" అని జట్టులో పెద్దాయన అడిగాడు.

"మనదే," అన్నాను.

ఎవరూ పండగ చేసుకోలేదు. పెద్దాయన చొక్కా చెయ్యి పైకి లాగి, మోచేతి మడతలో సూది దిగి ఎప్పుడో మానిపోయిన చోటును బొటనవేలితో తడుముకున్నాడు. తర్వాత పక్కవాడు. ఆ తర్వాత వాడి పక్కవాడు.