అమ్మ మొగం అచ్చేసిన బెల్లం

మా ఊళ్లో గంగమ్మ జాతరకి పొంగలి వండే బెల్లం మా ఇంటి నుంచే పోయేది. మేమేదో గొప్పోళ్లం కాబట్టి కాదు, మా నాయన సారా తాగి చచ్చిపోయాడు కాబట్టి. వినడానికి వింతగా ఉంటుంది. అందుకే మొదటి నుంచీ చెప్తాను.

పుంగనూరుకి కాస్త ఎడంగా మాకు ఒక బావి, దాని కింద నాలుగు మళ్ల చెరుకు, గట్టు మీద బెల్లం గానుగ ఉండేవి. తొంభైల మొదట్లో మా వైపు బెల్లానికి రంగే కులం. తెల్లగా ఉంటే ఇంట్లోకి, నల్లగా ఉంటే గుట్ట వెనక సారా బట్టీకి. మా నాయన నల్లది వండేవాడు. బట్టీకి అమ్మి, అమ్మిన చోటే కూర్చుని తాగేవాడు. ఒక ఎండాకాలం మంచి సారా ఏదో చెడ్డ సారా ఏదో తెలియకుండా తాగి, వాంతులు చేసుకుంటూ ఇంటికి వచ్చి, తెల్లారేలోగా పోయాడు. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. ఏడుపు వచ్చిందా అంటే రాలేదు. కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

దినాలు అయిపోయాక అమ్మ కొంగు నడుముకి దోపుకొని, ఊళ్లో ఆడవాళ్లను వెంటేసుకొని, గుట్ట వెనక బట్టీ కుండలన్నీ పగలగొట్టి వచ్చింది. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కొని, "ఇంక మన గానుగలో నల్ల బెల్లం ఒండేది లేదు" అనింది. ఆ మాట మీదే నిలబడింది. తెల్ల బెల్లం రావాలంటే ఉడికే రసంలో హైడ్రోసు అని ఒక తెల్లమందు వెయ్యాలి. అది వేస్తే రసం రంగు విరిగి బెల్లం పసుపుపచ్చగా మెరుస్తుంది. అమ్మ అది రెండు పిడికిళ్లు ఎక్కువే వేసేది.

ఆ ఏడు ఊరి పెద్దలు జాతర ముందు రోజు పలక డప్పులు కొట్టుకుంటూ వచ్చి మా గడప ముందు ఆగారు. "సారా కుండలు పగలగొట్టినదానివి, ఈ తూరి గంగమ్మకి పొంగలి నీ బెల్లంతోనే, ఇయ్యమ్మా" అన్నారు. భర్త పోయిన ఆడది ఎదురొస్తే మొగం తిప్పుకొని పోయే ఊరు అది. అలాంటి ఊళ్లో ఇత్తడి పళ్లెంలో బెల్లం పెట్టి అమ్మ చేతుల మీదుగా ఇస్తే, దేవర కోసం అందుకొని పోయారు. అప్పటి నుంచి ప్రతి జాతరకీ అంతే. అమ్మకి మంచి చీర లేదు, మెళ్లో ఏమీ లేదు. ఏడాదికి ఒకసారి ఆ పలకల చప్పుడు మా గడప ముందు ఆగడమే ఆమెకున్న మర్యాద. దాని కోసమే బతికేదంటే ఎక్కువ చెప్పినట్టు కాదు.

నాకు పెళ్లయింది. మా ఆయనది మదనపల్లె. బెంగుళూరులో ఏదో కంపెనీలో సరుకులు అమ్మించే ఉద్యోగం. రెండువేల ఎనిమిది చివర్లో ప్రపంచమంతా కంపెనీలు కూలిపోతున్నాయని టీవీలో చెప్పారు. ఎక్కడో కూలితే మనకేమని అనుకుంటూ ఉండగానే ఆయన పెట్టె సర్దుకొని మా గానుగ దగ్గరికి వచ్చేశాడు. ఇల్లరికపు అల్లుడని ఊళ్లో ఎగతాళి చేస్తే, ఆయన కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు. చేతకాని నవ్వు అది, చూస్తే నాకు ఒళ్లు మండేది.

రోజు విడిచి రోజు మదనపల్లెకి పోయి నెట్ సెంటర్లో కూర్చునేవాడు. ఉద్యోగాలు చేసేవాళ్లు, వ్యాపారాలు చేసేవాళ్లు ఒకరినొకరు పరిచయం చేసుకునే సైటు ఒకటి ఉందని, అందులో ఉద్యోగం దొరుకుతుందని అనేవాడు. ఉద్యోగం దొరకలేదు. కానీ ఖాళీగా ఉండలేక, తిండి పదార్థాల కంపెనీల వాళ్లు మాట్లాడుకునే ఒక గుంపులో చేరి మా గానుగ సంగతులు రాయడం మొదలుపెట్టాడు. చెరుకు ఎప్పుడు కొట్టాలి, రసం మీద తేలే మడ్డి ఎలా తీస్తారు, పాకం దిగిందని చేతికి ఎలా తెలుస్తుంది, ఇట్లాంటివి. కొనమని ఎవరినీ అడగలేదు. అడిగితే పారిపోతారట. ఎవరైనా ప్రశ్న వేస్తే ఓపికగా జవాబు రాసేవాడు, జవాబు తెలియకపోతే బస్సెక్కి వచ్చి నన్ను అడిగి, మళ్లీ పోయి రాసేవాడు. అంత ఓపిక నా మీద ఎప్పుడైనా చూపించి ఉంటే బాగుండేది.

అట్లా ఒకరి వెనక ఒకరు పరిచయమయ్యారు. బెంగుళూరులో ఉండే ఒకామె, "తెల్లమందు వెయ్యని బెల్లం మీ దగ్గర దొరుకుతుందా?" అని అడిగింది. ఆయన వచ్చి ఆ మాట చెప్పినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ మందు డబ్బా మూత తీస్తే చాలు, నాకు ఊపిరి ఆడేది కాదు. వేళ్ల సందుల్లో చర్మం ఊడిపోయేది. ఆ బెల్లాన్ని నా కూతురి నోట్లో నేను ఎప్పుడూ పెట్టలేదు, పంచదారే పెట్టేదాన్ని. బెల్లం వండేవాళ్ల బిడ్డకి పంచదార.

అమ్మ ఒప్పుకోలేదు. "మందు ఎయ్యకుంటే నల్లగా వస్తాదమ్మా. నల్ల బెల్లం మనింట్లో యాల?" అని గానుగ దగ్గర అడ్డంగా కూర్చుంది. ఆయనే పక్కన కూర్చుని నచ్చజెప్పాడు. జాతర బెల్లం ఎప్పటిలాగే తెల్లగా చేస్తామన్నాడు. నల్లది ఒక్క ముక్క కూడా ఊళ్లో అమ్మబోమని, బెంగుళూరు వాళ్లు తినేదానికేనని ఒట్టు వేశాడు. మందు బదులు బెండ కాండం దంచిన జిగురుతో రసం తేర్చాం. బెల్లం తేనె రంగు దాటి, కాఫీ గింజ రంగులో వచ్చింది. నాలిక మీద పెట్టుకుంటే చెరుకు వాసన వచ్చింది. నా కూతురు పెద్ద ముక్క తీసుకొని గడప మీద కూర్చుని చప్పరిస్తూ తినింది. ఆ రోజు నేను చాలా సంతోషపడ్డాను, ఎందుకు దాచాలి.

సరుక్కి ఒక గుర్తు కావాలన్నాడు ఆయన. అమ్మ కుండలు పగలగొట్టిన కథ ఆ గుంపులో రాశాడు. వాళ్లందరికీ అది తెగ నచ్చింది, ఆ అమ్మను చూడాలని అడిగారు. మదనపల్లె స్టూడియోలో అమ్మను కూర్చోబెట్టి ఫొటో తీయించి, సరుకు మీద అంటించే చీటీల మీద ఆ మొగమే అచ్చేయించాడు. అమ్మ చీటీని చేతిలోకి తీసుకొని చాలాసేపు చూసింది.

"నా మొగం యాలప్పా దీని మీద? నేనేమన్నా సినిమా యాక్టరా?" అనింది.

"నీ మొగం చూసే నమ్ముతారత్తా" అన్నాడు ఆయన.

అమ్మ సిగ్గుపడింది. ఒక చీటీ తీసి దేవుడి పటం వెనక దోపింది.

నమ్మారు కూడా. తిన్నవాళ్లు ఆ సైట్లో ఆయన గురించి సిఫార్సులు రాశారు, వాళ్ల స్నేహితులకి చెప్పారు. పైసా ప్రకటన లేకుండా మా బెల్లానికి పేరు వచ్చింది. బెంగుళూరులో మాకు మొగం కూడా తెలియనివాళ్లకి మా అమ్మ మొగం తెలుసు. మొదట్లో చేతిసంచుల్లో పెట్టుకొని బస్సులో కుప్పం పోయి, అక్కడ రైలెక్కి బెంగుళూరులో తెలిసిన కొట్లో ఇచ్చి వచ్చేవాడు, కొన్నవాళ్లు అక్కడి నుంచి తీసుకుపోయేవాళ్లు. సంచులను ఎవరూ పట్టించుకోలేదు. పేరు పెరిగేకొద్దీ సంచులు చాలలేదు. ఆ ఏడు జాతరకి కాస్త ముందు, మొదటిసారిగా టెంపో మాట్లాడుకొని అట్టపెట్టెలు నింపుకొని బయలుదేరాడు.

వి.కోట దాటాక ఎక్సైజ్ పోలీసులు ఆపారు. నల్ల బెల్లం, బండి నిండా, కర్ణాటక సరిహద్దు వైపు పోతోంది. ఆపడం వాళ్ల పని, ఆపారు. ఎవరికి తీసుకుపోతున్నావని అడిగితే ఈయన చొక్కా జేబులోంచి నెట్ సెంటర్లో తీయించిన కాగితాలు బయటికి తీశాడు. ఫలానా కంపెనీ మేనేజరు, ఫలానా ఇంజనీరు, వాళ్లు రాసిన మెచ్చుకోళ్లు.

"ఈళ్లను ఎప్పుడన్నా సూసినావా?" అని అడిగాడంట ఒకాయన.

"లేదు సార్. నెట్లో పరిచయం."

"సూడనోళ్లు బండెడు నల్ల బెల్లం తింటారా? ఎవురికి సెప్తాండావు?"

 ఓపికగా జవాబులు రాసే మనిషి అక్కడ ఆ కాగితాలు మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడంట. నాకు తెలిసి ఆ ప్రశ్న గురించే ఆయన ఇప్పటికీ ఆలోచిస్తూ ఉంటాడు.

మరునాడు జిల్లా పేపర్లో ఫొటో వచ్చింది. సారా బెల్లం పట్టివేత అని పైన పెద్ద అక్షరాలు. కింద పేర్చిన అట్టపెట్టెలు, ప్రతి పెట్టె మీదా మా అమ్మ మొగం. స్టూడియోవాడు నవ్వమన్నాడని కొంచెంగా నవ్వుతూ ఉంది.

టీ కొట్టు దగ్గర ఆ పేపరు చేతులు మారింది. కుండలు పగలగొట్టిన రోజు అమ్మ వెంట పోయిన ఆడవాళ్లలో ఒకామె మా గడప దాకా వచ్చి, లోపలికి రాకుండా బయటే నిలబడి, "ఏం పన్జేస్తివమ్మా" అనేసి పోయింది.  అమ్మ నన్ను తిట్టలేదు, అల్లుణ్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బతికిపోయేవాళ్లం. కొన్నాళ్లకి అది తినే బెల్లమేనని పరీక్ష చేసి తేల్చి సరుకుని వదిలిపెట్టారు. ఆ సంగతి ఏ పేపర్లోనూ పడలేదు. వదిలిన బెల్లం వానకి తడిసి, పెట్టెల్లోంచి కారి, అమ్మ మొగాలన్నీ నల్లగా అంటుకుపోయి ఉండింది.

కానీ అంతకుముందే జాతర వచ్చేసింది. ముందు రోజు అమ్మ తలంటుకొని, తెల్ల బెల్లం ఇత్తడి పళ్లెంలో పెట్టుకొని వాకిట్లో నిలబడింది. వద్దమ్మా లోపలికి రా అన్నాను. వినలేదు. పలకలు మలుపు తిరిగి మా వీధిలోకి వచ్చాయి. మా ఇంటి ముందుకి వచ్చేసరికి ఒక్క దెబ్బ కూడా తగ్గలేదు, ఒక్క అడుగు కూడా ఆగలేదు. ముందుకు వెళ్లిపోయాయి. పెద్దలు ఇటు చూడలేదు. ఆ ఏడు పొంగలికి బెల్లం పుంగనూరు కొట్లో కొన్నారని తర్వాత తెలిసింది. పలకల చప్పుడు గుడి దాకా పోయి ఆగేదాకా అమ్మ పళ్లెం దించలేదు.

ఆ తర్వాత ఆమె గడప దాటడం మానేసింది. అన్నం పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. అటు సైట్లో మా వాళ్లు ఇంకా రాస్తూనే ఉన్నారు. బెల్లం ఎప్పుడు వస్తుంది, అమ్మ ఎట్లా ఉంది అని. ఒకరు అమ్మని బెంగుళూరు తీసుకొచ్చి మాట్లాడించమని కూడా రాశారంట. ఈయన ఒక్కదానికీ బదులు రాయలేదు. మదనపల్లెలోనే ఒక ఎరువుల కొట్లో పనికి కుదిరాడు.

మరుసటి ఏడు చెరుకు కోతకి వచ్చినప్పుడు నేను ఎవరినీ అడగలేదు. మందు డబ్బా తెచ్చి, ముక్కుకి కొంగు కట్టుకొని, మా అమ్మ వేసేదానికన్నా ఇంకా ఎక్కువ వేశాను. బంగారం లాంటి బెల్లం వచ్చింది. ముక్కలు కొట్టి, టీ కొట్టు దగ్గర, రచ్చబండ దగ్గర, ఆడవాళ్లు నీళ్లు పట్టే చోట నేనే స్వయంగా పంచాను. అందరూ వెలుతురుకి పెట్టి చూశారు. "ఇదీ బెల్లమంటే. ఇప్పుడు దోవకొచ్చినారు" అన్నారు.

ఆ జాతరకి పలకలు మా గడప ముందు ఆగాయి.

అమ్మ పళ్లెం అందిస్తుంటే కింద నేనూ చెయ్యి పట్టాను. సాయంత్రం ఆమె గుడి దాకా నడిచి వెళ్లి, ఆకులో పొంగలి తెచ్చుకుంది. ఏడాది తర్వాత మొగంలో కళ కనిపించింది. వాకిట్లో కూర్చుని, మొదటి ముద్ద నా కూతురి నోటి దగ్గరికి తీసుకుపోయింది.

"తినమ్మా, మన బెల్లమే" అనింది.

నేను చూస్తూ నిలబడ్డాను. వద్దని చెప్పలేకపోయాను. బిడ్డ తినింది.